సగం కడవ

ఆ ఏడు మా ఊరికి వాన రాలేదు, అభిలాష్ వచ్చాడు. రెండింటిలో ఏది కావాలో మమ్మల్ని అడిగినవాళ్లు లేరు.

రెండు వేల మూడు, ఆషాఢం. కంబదూరుకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. చెనక్కాయ విత్తనం వేసినవాళ్లు మబ్బుల వైపు చూస్తూ కూర్చున్నారు. వేయనివాళ్లు, వేసినవాళ్లను చూసి నవ్వుకుంటూ కూర్చున్నారు. నేను వేసినవాణ్ని. అయినా ఐదెకరాల మెట్టతో పాటు నాకొక మైకుసెట్టు కూడా ఉండేది కాబట్టి, మిగతా ఊరి కంటే నేనే తెలివైనవాణ్నని నా నమ్మకం. ముత్యాలప్ప సౌండ్ సర్వీస్. రెండు ఆంప్లిఫయర్లు, ఆరు గొట్టాలు, నాలుగు బ్యాటరీలు. చుట్టూ ఎనిమిది ఊళ్లలో పెళ్లికీ చావుకీ ఓట్లకీ నేనే. ఓట్లప్పుడు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం ఇంకో పార్టీకి అరిపించేవాణ్ని. ఇద్దరివీ అబద్ధాలే. నాకేం పట్టింది? నా పనికొక పద్ధతి ఉంది. శబ్దం వింటాను, మాట వినను. గరగర ఉందా, కీచుమంటోందా, చివరి గొట్టం దాకా పోతోందా, అంతవరకే నా బాధ్యత. మాటలు కూడా వినేవాడైతే ఈ పనిలో రెండు నెలలకే పిచ్చెక్కిపోతాడు.

అభిలాష్‌ది హైదరాబాదు. ఇరవై నాలుగేళ్లుంటాయి. అనంతపురంలో ఆఫీసున్న ఏదో సంస్థ పంపించింది. భుజానికి సంచి, చేతిలో అరచేయంత టేప్‌రికార్డరు. పదమూడేళ్లు దాటిన పిల్లలు, ఆ వయసులో తాము పడే కష్టాల గురించి తామే మాట్లాడి, తామే రికార్డు చేసి, వారానికొక క్యాసెట్టు తయారు చేస్తారట. ఐదూళ్ల పిల్లలు కలిసి చేస్తారట. ప్రతి ఆదివారం పొద్దుగూకే వేళకు దాన్ని ఊరందరికీ నా మైకులో వినిపించాలట.

"ఏం కష్టాలప్పా?" అన్నాను.

"కౌమారంలో వచ్చే సమస్యలన్నా. శరీరంలో మార్పులు, మనసులో సంఘర్షణ, పెద్దవాళ్లు అర్థం చేసుకోకపోవడం..."

"ఈడ పదమూడేండ్లకే పార పట్టుకుంటారు పిల్లోళ్లు. సంఘర్షణ పడేకి తీరిక యాడుండాది?"

ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాడు. ఏం చెప్పినా రాసుకునే మనిషిని తిట్టినా ఉపయోగం లేదు.

"మీ అమ్మాయి హేమ పదో తరగతి కదా? టీచరుగారు చెప్పారు, లెక్కల్లో ఫస్టట. తననీ మా గుంపులోకి పంపించండన్నా."

"పంపను. మా ఇంట్లో ఎవురికీ ఏ సమస్యా లేదు" అన్నాను.

అది కూడా రాసుకున్నాడు.

మొదటి నాలుగు ఆదివారాలూ నాకు మంచి కాలక్షేపం. బడి ముందు వేపచెట్టుకు రెండు గొట్టాలు కట్టి, క్యాసెట్టు వేసి, బీడీ ముట్టించుకుని కూర్చునేవాణ్ని. మాటలు విననని చెప్పాను గానీ, చెవులేమీ మూసుకోలేదు కదా, అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా పడేవి. ఒక పిల్లవాడికి మొటిమలు వచ్చినందుకు బతుకు మీద విరక్తి పుట్టిందట. ఇంకో పిల్లకు స్నేహితురాలు మాట్లాడడం మానేసిందట. అన్నింటికంటే బయ్యన్న కొడుకు వంశీ గోడు వినాలి. బయ్యన్న మా ఊళ్లో పెద్ద భూస్వామి, మండలంలో కూడా మాట చెల్లే మనిషి. ఆయన కొడుకు, పద్నాలుగేళ్లవాడు, గొంతు అప్పుడే పగులుతోంది. "మా నాయన నా మనసు అర్థం చేసుకోడు" అని మైకులో వాపోయాడు. సంగతేమిటంటే బయ్యన్న వాడికి కొత్త సైకిలు కొనిచ్చాడు, వీడేమో మోపెడ్ అడిగాడు. ట్యాంకరు వచ్చినప్పుడు ఇంటికి రెండు కడవల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్న ఊళ్లో, వీడి మోపెడ్డు గోడు ఊరంతా కూర్చుని విన్నది. నేనైతే బీడీ పొగ పొలమారేదాకా నవ్వాను.

అభిలాష్ ఒక డాల్డా డబ్బాకు మూతమీద చీలిక చేసి, కంబదూరు హైస్కూల్లో పెట్టించాడు. పైకి చెప్పుకోలేని సంగతులేమన్నా ఉంటే పేరు రాయకుండా చీటీ వేయాలి, దాన్ని ఇంకొకరు చదివి రికార్డు చేస్తారు. గొంతు మారిపోతుంది కాబట్టి ఎవరిదో తెలియదట. ఈ తెలివి మాత్రం నాకు నచ్చింది. ఊళ్లో ఎవరు దగ్గినా ఫలానా వాళ్లని చెప్పగలం మేము.

ఇక నా ఇంటి సంగతి. ఓబమ్మ నా సొంత అక్క. ఆమె కూతురు సిద్దమ్మను నేను చేసుకున్నాను కాబట్టి అక్కే అత్త కూడా అయింది. ఆమె కొడుకు గంగాధర్, సిద్దమ్మకు తమ్ముడు, నా బిడ్డ హేమకు మేనమామ. బోరు బండి మీద పని. ఇరవై ఆరేళ్లు దాటాయి. హేమ పుట్టిన రోజునే వాడికని అనేసుకున్నాం. హేమ పెద్దమనిషి కావడమే ఆలస్యం. మాలో ఆడపిల్ల ఈడేరితే మేనమామ పచ్చికొమ్మలు నరుక్కొచ్చి పెరట్లో గుడిసె వేస్తాడు, పిల్లను అందులో కూర్చోబెడతారు. కొమ్మలు తెచ్చిన చేత్తోనే తాళి కూడా కడతాడు. బడికి పోవడం ఆ గుడిసె దగ్గరే ఆగిపోతుంది. మానిపించామని కూడా ఎవరూ అనుకోరు, అది అంతే.

ఆఖరి రోజు మైకు పెడతారు. పెట్టేది నేనే. "ఫలానా వారి ద్వితీయ పుత్రిక పుష్పవతి అయిన శుభసందర్భంగా బంధుమిత్రులందరికీ ఇదే మా ఆహ్వానం" అని ఇరవై ఏళ్లలో ఎన్ని వందల సార్లు అరిచానో. నా గొంతు మీద నాకు గర్వం ఉండేది.

హేమకు పదిహేనేళ్లు నిండినా ఆ ముచ్చట లేదు. దానికంటే చిన్నవాళ్లకు నేను మైకు పెట్టి వచ్చాను. మా అక్క ఓబమ్మ ప్రతి సంత రోజూ కంబదూరు నుంచి నువ్వులు మోసుకొచ్చేది. నువ్వులూ బెల్లం వేడి చేస్తాయి, తింటే త్వరగా ఈడేరుతుందని. సిద్దమ్మ ఉండలు చుట్టేది, అక్క ఎదురుగా కూర్చుని పిల్ల చేత తినిపించేది.

"రెండు తినే. ఇంగొకటి. గంగాధర్‌గాడికి తల నెరుస్తాంది."

"చాలవ్వా, వాంతొస్తాది" అనేది హేమ.

ఇవన్నీ ఆడవాళ్ల పిచ్చి అని నేను పట్టించుకునేవాణ్ని కాదు. నాకు హేమ మీద ఉన్న ఫిర్యాదు వేరే. ఊరి బయట, బయ్యన్న తోట దగ్గరున్న బోరు ఒక్కటే అప్పటికి బతికి ఉంది. మైలు దూరం. హేమ పొద్దున్నే పోయి కడవ తెచ్చి, తర్వాత బడికి పోవాలి. ఒక్కో రోజు నిండుగా తెచ్చేది, ఒక్కో రోజు సగం కడవే తెచ్చేది. మూడు నాలుగు రోజులు వరసగా సగం, తర్వాత మళ్లీ నిండుగా. నాకు మండిపోయేది.

"మెడలో బేరింగులు అరిగిపోయినాయా నీకు? మైలు నడిచేలోపల సగం నీళ్లు భూదేవికి పోస్తివి!"

ఆ బేరింగుల మాట నేను కనిపెట్టిందే, అప్పటికింకా మా గడప దాటి బయటికి పోలేదు. ఆ మాట అన్నప్పుడల్లా నన్ను నేనే మెచ్చుకునేవాణ్ని. సిద్దమ్మ కూడా నాతో గొంతు కలిపి, నాకంటే గట్టిగా అరిచేది. హేమ కడవ దించి పుస్తకాలు సర్దుకునేది. ఒకసారి కోపం ఆపుకోలేక చేతిలో ఉన్న చెంబుతో భుజం మీద కొట్టాను. అప్పుడూ పుస్తకాలు తీసుకుని బడికి పోయింది.

ఐదో ఆదివారం అభిలాష్ క్యాసెట్టు చేతికిచ్చి, "ఇది కొంచెం సున్నితమైనదన్నా, ముందు ఒకసారి వినండి" అన్నాడు. విన్నాను. అంటే, నా పద్ధతిలో. అక్కడక్కడా రెండు నిమిషాలు తిప్పాను. గొంతు వంశీది, గరగర లేదు. సరేనని పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం డెబ్బై మంది దాకా వచ్చారు. పంట పోయిందని తేలిపోయింది కాబట్టి ఎవరికీ వేరే పని లేదు. ముందు ఎవరో రెండు ముక్కలు పాడారు. తర్వాత వంశీ గొంతు. డబ్బాలో పడిన చీటీ ఒకటి చదవడానికి ఆడపిల్లలు సిగ్గుపడి కాదన్నారట, చివరికి వీడు ఒప్పుకున్నాడట.

"నా పేరు చెప్పను. నేను పెద్దమనిషై ఏడాదిన్నర అయింది. ఇంట్లో చెప్పలేదు."

మగపిల్లవాడి బొంగురు గొంతులో ఆ మాట వినపడగానే జనం గొల్లుమన్నారు.

"యావడ్రా వీడు, పెద్దమనిషైనాడంట!"

"గుడిసె ఏయండప్పా!"

నేనూ నవ్వాను. గొంతు చదువుకుంటూ పోయింది.

"చెప్తే గుడిసె వేస్తారు. మైకు పెడతారు. కొమ్మలు తెచ్చినాయనకే నన్ను ఇస్తారు. ఆయన చెడ్డోడు కాదు. కానీ నాకు లెక్కలంటే ఇష్టం. పదో తరగతి పరీక్ష రాయాలని ఉంది. అంతకంటే ఇంకేమీ లేదు. ఇంట్లో గుడ్డలుతికితే తెలిసిపోతుంది. నీళ్లు కూడా లేవు. అందుకని బోరు దగ్గర కడవ నింపుకొని, దోవలో కంపచెట్ల వెనక సగం నీళ్లు వాటికి వాడతాను. ముళ్ల మీదనే ఆరేస్తాను. సగం కడవతో ఇంటికి పోతాను. మా నాయన, మెడలో బేరింగులు అరిగిపోయినాయా నీకు అని తిడతాడు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. బేరింగుల మాట జనానికి బాగా పట్టింది. నాకు ముందుగా తోచింది ఏమిటంటే, నా మాటను ఎవడో దొంగిలించాడని. నిజంగానే. అర నిమిషం పాటు కోపం కూడా వచ్చింది. తర్వాత నా చేతిలో బీడీ ఆరిపోయింది.

"తిట్టనీ. తొణికిందనుకుంటే తిట్టి ఊరుకుంటారు. తొణకలేదని తెలిస్తే బడి మాన్పిస్తారు."

బయ్యన్న లేచి నిలబడ్డాడు. కొడుకు గొంతు అది, ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"కట్టేయప్పా ముత్యాలప్పా! ఆడోళ్లుండారు ఈడ. ఏం మాటలివి?"

"నడిమిట్ల ఆపితే టేపు నమిలేస్తాదన్నా. మిషను పాడైతాది" అన్నాను.

టేపు ఏమీ నమలదు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. మైకు విషయంలో నా మాట కాదనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. చీటీ ఆఖరు దాకా చదివాడు వంశీ. ఆఖర్లో ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. "ఇంకా ఏడు నెలలుంది పరీక్షలకు" అని రాసి వదిలేసింది.

బయ్యన్న అక్కడికక్కడే కొడుకును పట్టుకుని రెండు పీకాడు. "యావత్తిదిరా ఆ చీటీ?"

"తెలీదు నాయనా. పేరు లేదు దాని మీద. ఐదూళ్ల పిల్లోళ్లు ఏస్తారు ఆ డబ్బాలో."

ఇంకో రెండు తిన్నాడు గానీ వాడు ఏడవలేదు. మోపెడ్డు కోసం ఏడ్చినవాడు దీనికి ఏడవలేదు. ఆ వారంతో మా ఊళ్లో కార్యక్రమం బందు. నేను వైర్లు చుట్టుకుని, గొట్టాలు దించుకుని ఇంటికి వచ్చాను. హేమ వసారాలో బల్బు కింద లెక్కలు చేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం నాయనా, ఈ పొద్దు బాగా నవ్వినారంట జనం. ఏముండె క్యాసెట్లో?"

పెన్సిలు కదలడం ఆగిపోయింది.

"ఏమోనమ్మా. నేను మాటలు వినను గదా."

పెన్సిలు మళ్లీ కదిలింది. నేను లోపలికి పోయి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ భుజం, నేను చెంబుతో కొట్టిన భుజం, తలుపు సందులో నుంచి కనబడుతూనే ఉంది. సిగ్గు వేసింది. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాక, నా తెలివి మీద నాకున్న గౌరవమంతా ఆ రోజు పోయింది.

సిద్దమ్మకు చెప్పాలా? చెబితే మరుసటి సంతకు మా అక్కకు తెలుస్తుంది, ఆ మరుసటి రోజు గంగాధర్ కొమ్మలతో గుమ్మం ముందు ఉంటాడు. సొంత తల్లికి ఎదురు తిరిగే మనిషి కాదు సిద్దమ్మ, అనుకున్నాను. అందుకని నోరు మూసుకున్నాను. మర్నాటి నుంచి సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని నేనే బోరుకు పోవడం మొదలుపెట్టాను. ఒక క్యాను వంటింట్లో, ఒకటి పెరట్లో స్నానాల తడిక వెనక.

"ఇదేంది మామా, నువ్వు నీళ్లకు పోతాండావు?" అంది సిద్దమ్మ.

"బ్యాటరీలకు కావాల. కొంచెం పోసుకుంటా, మిగిలింది యావరన్నా వాడుకోండి. నన్ను అడగొద్దు."

"బ్యాటరీలకా?"

"ఆ."

"సరే" అని లోపలికి పోయింది.

మగవాడు నీళ్లు మోస్తున్నాడని బోరు దగ్గర ఆడవాళ్లు నవ్వారు. బేరింగులు బాగున్నాయా అని ఒకామె అడిగింది, ఆ మాట అప్పటికి ఊరంతా పాకిపోయింది. వాళ్లను ఒక మాట అనే యోగ్యత కూడా నాకు లేకుండా పోయింది. నువ్వులుండలు పిల్ల తినకుండా చేయాలని, ఎదురుగా ఉన్నవన్నీ నేనే తినడం మొదలుపెట్టాను. నువ్వుల రుచే లేదు వాటికి. కంబదూరు సంతలో నువ్వులు కూడా కల్తీ చేసి అమ్ముతున్నారు, మా అక్క కళ్లు మూసుకుని కొనుక్కొస్తోంది అని విసుక్కున్నాను.

దసరా ముందు మద్దిలేటి కూతురు పెద్దమనిషైంది. పన్నెండేళ్ల పిల్ల. నేను మైకు కట్టి, ఎప్పటిలాగే చదవడానికి కాగితం తీసుకున్నాను. మద్దిలేటి తాంబూలం ఇస్తూ, నలుగురూ వినేట్టు అన్నాడు.

"ఊరందరి బిడ్డలకూ మైకు పెడితివి ముత్యాలప్పా. సొంతబిడ్డకు పెట్టే రాత లేకపాయె. ఆస్పత్రిలో చూపించినావా? కొందరికి లోపల అది ఉండనే ఉండదంట."

చేతిలో మైకు ఉంది. స్విచ్చి వేసే ఉంది. ఒక్క వాక్యం చెబితే వాడి నోరే కాదు, ఊరి నోరంతా మూతపడుతుంది. నాకు ఎంత పొగరో నాకు తెలుసు. జీవితంలో ఎవడి మాటా పడిన మనిషిని కాదు. నాలుక కొసకు వచ్చింది. గొట్టంలో నా ఊపిరి చప్పుడు నాకే వినబడింది.

"మద్దిలేటి గారి ప్రథమ పుత్రిక..." అని మొదలుపెట్టి, కాగితంలో ఉన్నదంతా చదివేసి, స్విచ్చి ఆపాను. అక్కడ గుడిసెలో కూర్చున్న పిల్ల ముఖం చూడలేకపోయాను. అదీ ఏడో తరగతి.

దసరా అయిన వారానికి మా అక్క వచ్చింది. నువ్వులు తేలేదు. వసారాలో కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంగెన్నాళ్లు ముత్యాలూ? గంగాధర్‌గాడికి కల్యాణదుర్గం సైడు సమ్మంధమొకటి వచ్చిండాది. ఆ పిల్ల పెద్దమనిషై ఏడాదాయె. దీపావళి లోపల హేమ సంగతి తేలకపోతే నేను మాటిచ్చేస్తా."

"నీ ఇష్టమక్కా."

"నా ఇష్టమంటావేందిరా! పదిహేనేండ్ల మాట మనది. బిడ్డలో ఏదో లోపముండాది, నువ్వు దాస్తాండావు. డాకటరు చెప్పినాడా ఏమన్నా? నిజం చెప్పు."

గంగాధర్ గుమ్మం దగ్గర నిలబడి కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. మంచివాడు. చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేదో. సిద్దమ్మ పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది, తల తిప్పలేదు. హేమ బడి నుంచి రాలేదు ఇంకా.

"ఏం చెప్పేకుండాదక్కా?" అన్నాను. "నువ్వు మాటిచ్చేయ్."

అక్క నా ముఖంలోకి చూసి లేచిపోయింది. వాకిట్లో నిలబడి, వీధికంతా వినపడేట్టు "నా తమ్ముని ఇంట్లో పుట్టింది ఆడపిల్ల కాదు!" అని అరిచి బస్సెక్కింది. ఆ మాట ఊళ్లో చాలా రోజులు తిరిగింది.

కార్తీకంలో గంగాధర్ పెళ్లి. మైకు నాదే, ఇంకెవరికి ఇస్తారు? పెళ్లిలో హేమ పసుపు పళ్లెం ముట్టుకోబోతే మా అక్క చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది, "నువ్వు గాదు, పక్కకు పో" అని. పందిట్లో అందరూ చూశారు. హేమ పక్కకు పోయి, బంతిలో కూర్చుని, మూడు ఓళిగలు వేయించుకుని తిన్నది. నాలుగోది కూడా అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం నేనూ సిద్దమ్మా వసారాలో చెనక్కాయలు ఒలుస్తున్నాం. ఐదెకరాలకు మూడు మూటలు వచ్చాయి, అవీ సగం తాలు. గంగాధర్ పెళ్లి అయిపోయింది కాబట్టి, ఇక దాచే పని లేదనుకున్నాను.

"నీకొక మాట చెప్పాల. కోపం చేసుకోగాకు" అన్నాను. "హేమ... పెద్దమనిషై శానా నాళ్లయింది."

సిద్దమ్మ చేతిలో కాయ టప్పున పగలగొట్టింది. "అవునా?"

"నిజం. ఆ క్యాసెట్లో చీటీ మన బిడ్డదే. నాకు అప్పుడే తెలిసె."

"క్యాసెట్టు దాకా తెలీదు నీకు" అంది. కళ్లెత్తలేదు. "నాకు మొదటి నెలే తెలుసు. ఇంట్లో పాత చీర ఒకటి తక్కువైతే ఆడదానికి తెలీదా? ఆ పొద్దు నుంచి ఉండల్లో నువ్వులు లేవు మామా. చెనక్కాయపప్పు దంచి బెల్లం కలిపి, పైన నాలుగు నువ్వులు అద్దుతాంటి. మా అమ్మ తెచ్చిన నువ్వులన్నీ పొడి కొట్టి నీ సంగట్లోకే పెడితి."

నేను ఒలిచిన పప్పును పొట్టులో వేశాను.

"మరి నీళ్లకు నాకంటే ఎక్కువ నువ్వే తిడుతాంటివి గదే?"

"తిట్టకపోతే మా అమ్మకు అనుమానం రాదా? నువ్వు నిజంగా తిడుతాంటివి. నేను వినపడేకి తిడుతాంటి."

ఇంకో కాయ పగిలింది. ఆమే మళ్లీ అంది.

"బ్యాటరీకి బోరు నీళ్లు పోస్తారా యావరన్నా? అంగట్లో సీసాలో తెచ్చే నీళ్లు గదా పోసేది. ఇరవయ్యేండ్ల నుంచి చూస్తాండా నీ బ్యాటరీలను. ఆ క్యాను తడిక ఎనక పెట్టిన పొద్దే తెలిసె, నీకు తెలిసిందని. నోరు జారుతావేమోనని రోజూ భయపడి చస్తాంటి. జారకపోతివి."

"నాకు ఒక మాట చెప్పింటే?"

ఇప్పుడు తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అందుకే తట్టుకోలేకపోయాను.

"నాకు కొమ్మలు తెచ్చింది యావరు మామా? నువ్వే గదా. నేను ఏడో తరగతి. పుస్తకాలు ఆ గుడిసెలోకే తెచ్చుకుంటి, చదువుకుందామని. మా అమ్మ గుడిసె కొమ్మలతో పాటు వాటినీ పొయ్యిలో పెట్టె. అప్పుడు నువ్వు మైకు పట్టుకోని నా పేరు ఊరంతా వినపడేట్టు చెప్తాంటివి. యాడ చెప్పేది నీకు?"

నిజమే. పంతొమ్మిదేళ్లు నాకప్పుడు. ఆ ఆంప్లిఫయర్ కొత్తగా కొన్నాను. మొట్టమొదట అందులో చదివింది సిద్దమ్మ పేరే. ఆ రోజు నా గొంతు ఎంత బాగా పలికిందో నేను అందరికీ చెప్పుకునేవాణ్ని, ఆమెకూ చెప్పాను, చాలాసార్లు. ఆమె ప్రతిసారీ విన్నది.

"హేమకు తెలుసా? మనకు తెలుసని?"

"తెలీదు. చెప్పగాకు. పరీచ్చలు కానీ."

మిగతా కాయలన్నీ ఇద్దరం కూర్చుని ఒలిచేశాం.

డిసెంబరులో అభిలాష్ మళ్లీ వచ్చాడు. కార్యక్రమం ముగిసిందట, ఇంటింటికీ తిరిగి ఒక పెద్ద కాగితం నింపుతున్నాడు. మనిషి చిక్కాడు, భుజం మీద సంచి మాత్రం అదే. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. పెరట్లో తడిక వెనక నీళ్ల చప్పుడు వినబడుతోంది. క్యాను నేను అప్పుడే పెట్టి వచ్చాను.

"మా కార్యక్రమం విన్న తర్వాత మీ కుటుంబంలో ఏమైనా మార్పు వచ్చిందా అన్నా? ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె చెప్పాలి. ఏమీ లేకపోతే సున్నా."

"ఏం మార్పప్పా?"

"అంటే, పిల్లల మనసు పెద్దవాళ్లు అర్థం చేసుకోవడం, వాళ్ల సమస్యలు వినడం, అలాంటివి. ఆ ఐదో క్యాసెట్ విషయంలో గొడవైందని విన్నాను. ఆ చీటీ రాసిన అమ్మాయి ఎవరో కనీసం ఇప్పుడైనా తెలిస్తే, తనకు సాయం చేయొచ్చని..."

పాపం, కళ్లలో నిజంగానే ఆశ ఉంది. చెబితే ఆ కాగితంలో ఐదు వేసుకుంటాడు, అనంతపురంలో నలుగురికి చూపిస్తాడు, వాళ్లు కారు వేసుకుని ఫోటో తీయడానికి వస్తారు. చీటీ చదివిన గొంతుకు నాలుగు దెబ్బలు పడ్డాయి. రాసిన చేతికి ఏం పడుతుందో ఈ పిల్లవాడికి తెలియదు.

"నేను మైకోణ్ని. మాటలు వినను" అన్నాను. "ముందే చెప్పినా గదా నీకు, మా ఇంట్లో ఎవురికీ ఏ సమస్యా లేదని."

హేమ తల తుడుచుకుంటూ పెరట్లో నుంచి వచ్చింది. గూట్లో లెక్కల పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకుంది. మా ఇద్దరి మధ్య నుంచే నడిచి, "పోయొస్తా నాయనా" అని వీధిలోకి దిగింది.

"అయితే సున్నా వేయమంటారా?" అన్నాడు అభిలాష్.

"సున్నానే ఎయ్యి. అందరికీ కనపడేట్టు పెద్దగా ఎయ్యి."